ఒక్కపొద్దు చెడుతది బిడ్డా

చెల్లెమ్మా,

నర్సింగ్ పిల్లలు కంప్యూటర్ మీద నేర్చుకోవడానికి నువ్వు రాసి పంపిన ఉత్తుత్తి రోగి కేసు నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి చివర్లో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను, ఆ సంగతి తర్వాత చెప్తా.

నీ పేషెంట్ పరకాల నుంచి కళ్లు తిరుగుతున్నాయని వచ్చిన షుగర్ ఉన్న అవ్వ. నోరు తెరవగానే ఏమంటుంది? "నేను గ్లిమెపిరైడ్ వేసుకుని ఉపవాసం ఉన్నాను, అప్పటి నుంచి చెమటలు, వణుకు, గుండెదడ ఉన్నాయి." షుగర్ గోళీ పేరుతో సహా ఏ అవ్వ ఇట్లా మాట్లాడుతుంది చెప్పు? ఇది నీ క్లాసు నోట్సు. జబ్బేంటో ఆమే తేల్చుకుని వస్తే ఇంక నర్సింగ్ పిల్లలకు బటన్ నొక్కడం తప్ప పనేముంది?

నా మొదటి కేసులో నేనూ ఇదే చేశాను. మూడు నెలలు కూర్చుని పద్నాలుగు పేజీలు రాస్తే పిల్లలు నాలుగు నిమిషాల్లో ముగించి టీకి వెళ్లిపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత సెలవు దొరికినప్పుడల్లా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీ దగ్గర బెంచీ మీద కూర్చుని వినేదాన్ని. అక్కడ గుండెదడ అన్నవాళ్లు నాకు కనపడలేదు. "పానం గాబరా గాబరా అయితంది" అంటారు. గుండెకు ఏదన్నా అయినా అదే మాట, షుగర్ పడిపోయినా అదే మాట, ఇంట్లో కొడుకు కొట్లాడి పోయినా అదే మాట! విద్యార్థి ఆ మాటలోంచే దారి వెతుక్కోవాలి.

ఒకామెను గోళీలు ఏసుకుంటున్నవా అని అడిగితే "ఏసుకుంటున్న" అని కొంగు ముడి విప్పి, పేపరు ముక్కలో చుట్టిన సగం గోళీ చూపించింది. పక్కనున్న ఆమె "పొద్దున ఏం తిన్నవ్?" అని అడిగితే గానీ "ఇయ్యాల శనివారం గదా, ఒక్కపొద్దు" అనలేదు. దాచాలని కాదు, అది డాక్టరుకు చెప్పే విషయమని ఆమె అనుకోలేదు. ఏ ప్రశ్నకు ఏ మాట బయటికొస్తుందో ముందు అది రాసుకో. అడగకపోతే ఆ మాట రాకూడదు.

నేను "పానం గాబరా" అని రాస్తే ఒక ఎడిటర్ "అస్వస్థతగా ఉంది" అని దిద్దాడు, ప్రమాణ భాష కావాలట. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం పోలేదు. ఇప్పుడేమో అందరికీ, కళ్లకు పెట్టుకుంటే బొమ్మ రోగి కనపడే హెడ్‌సెట్ల పిచ్చి పట్టింది. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల డాక్టరు ఒక మామూలు మనిషికి రోగిలా ఉండటం నేర్పించి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. తెర లేదు, బొమ్మ లేదు, ఒక మనిషి ఒళ్లూ మాటా ఉన్నాయి, అంతే. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు, ఆ ప్రశ్న నన్ను అడగకు.

ఇంకోటి, నీ తప్పు ఆప్షన్లు. "పరీక్ష చేయకుండా ఇంటికి పంపండి" అన్నదాన్ని ఎవరు నొక్కుతారు? మంచి విద్యార్థి చేసే తప్పు వేరే ఉంటుంది. షుగర్ 48కి పడిపోయిందని గ్లూకోమీటర్ చూపించింది, అవ్వ మగతలోకి జారింది, 25 శాతం డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్, నరంలోకి ఎక్కించారు, లేచి కూర్చుంది, మళ్లీ చూస్తే 140, అందరూ సంతోషపడి ఇంటికి పంపేశారు. గ్లిమెపిరైడ్ పని ఒంట్లో గంటల తరబడి ఉంటుంది, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఇంకా ఎక్కువసేపు, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆస్పత్రిలో పెట్టుకుని మళ్లీ మళ్లీ చూడాలి. నువ్వు మాత్రం అక్కడ ఎర్ర అక్షరాల్లో "తప్పు" అని వేయకు. పంపనివ్వు. రాత్రి కొడుకు ఆటోలో మళ్లీ తీసుకొస్తాడు, ఈసారి అవ్వ పలకదు.

ఇక నన్ను ఆపిన వాక్యం. గ్లూకోజ్ ఎక్కాక అవ్వ "ఒక్కపొద్దు చెడిపాయెనా బిడ్డా?" అంటుంది. ఇంత మంచి మాట రాసి దాన్ని తీసుకెళ్లి చివర్లో పడేశావు. ముందుకు తీసుకురా. అవ్వకు ఇంకా తెలివి ఉంది, మింగగలదు. విద్యార్థి మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు ఇస్తుంది. అవ్వ వణికే చేత్తో గ్లాసు పక్కకు జరిపి "ఒద్దు, ఒక్కపొద్దు చెడుతది బిడ్డా" అంటుంది. గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ పిల్ల ఏమంటుంది? నాలుగు జవాబులు, నాలుగింటికీ అవ్వ ఏం చేస్తుందో రాసి పంపు.

మీ అక్క,
హన్మకొండ