ఎనిమిదో తరగతికి రాత నేర్పబోతున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పబోతున్నావనీ, పిల్లలకు రాత నేర్పడానికి ఇంటర్నెట్‌లో దొరికేవన్నీ పోగుచేసుకుంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పగానే, వీధిలో కనబడిన ప్రతివాళ్లకూ చెప్పుకోవాలన్నంత సంతోషం కలిగింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. చూపించదలచినవన్నీ ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో; గాలివాన వస్తే మన లంక ఊళ్లలో కరెంటునూ సిగ్నలునూ నమ్ముకోలేము. మాటలకు అర్థాలు వెతకడానికి ఆంధ్రభారతి నిఘంటువు మంచిది, ఒక మాట కొడితే చాలా నిఘంటువుల అర్థాలు ఒకేచోట వస్తాయి. పిల్లల పేర్లూ ఫొటోలూ ఎక్కడా పెట్టకు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. బడి మళ్లీ తెరిచాక, సగం పెంకులు ఎగిరిపోయిన గదిలో పిల్లలను కూర్చోబెట్టి, తుపాను గురించి మిత్రునికి లేఖ రాయమన్నాను. నమూనా నేనే నల్లబల్ల మీద రాశాను, ‘ప్రకృతి వైపరీత్యము’, ‘అపార నష్టము’ వంటి మాటలతో. అందరూ దించుకున్నారు, ఒక్క కుర్రవాడు తప్ప. వాడు, “మాయి పదకొండు చెట్లు పడిపోయినాయి. నాన్న పడిన చెట్టు మీద కూకుని కాయలు లెక్కెడతన్నాడు. అమ్మ అన్నానికి పిలిచినా లెగలేదు” అని రాశాడు. నేను ‘కూకుని’ కొట్టేశాను, ‘లెగలేదు’ కొట్టేశాను, ఇవి రాతలో వాడే మాటలు కావని కోప్పడి, బల్ల చూసి మళ్లీ రాయమన్నాను. ఎదురు చెప్పకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా నా లేఖనే రాసి తెచ్చాడు. ఆ ఏడాదిలో మళ్లీ ఎన్నడూ వాడు తన ఇంటి సంగతి ఒక్కటీ రాయలేదు. వాళ్ల నాన్న ఎప్పుడు లేచాడో, ఆ రోజు అన్నం తిన్నాడో లేదో కూడా నేను అడగలేదమ్మా.

నా బల్ల మీద పట్టింది ఒక్క లేఖ. నీ చేతిలోని ఫోనులో ఏ విషయం మీదనైనా వ్యాసాలు కుప్పలుగా ఉంటాయి. వాటిని నమూనాగా చూపించావో, తరగతి తరగతంతా ఒకే వ్యాసం రాస్తుంది. చూపించకు. దానికి బదులు, ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, బొమ్మలను మళ్లీ వాడుకోవడానికి అనుమతి కూడా ఉంది. కథను దాచిపెట్టి ఒక్క బొమ్మ మాత్రమే గోడ మీద చూపించి, దీనికి ముందు ఏం జరిగిందో రాయమను. మరొక రోజు తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరిచి చదివించు. జనాభా, విస్తీర్ణం వంటివి అక్కడ ఉంటాయి. రేవు ఎక్కడుందో, ఏ కాలువకు ఎప్పుడు నీళ్లు వదులుతారో, గోదావరి పొంగినప్పుడు పశువులను ఏ గట్టు మీదికి తోలతారో ఉండకపోవచ్చు. అవి ఇంట్లో నాయనమ్మను అడిగి రాసుకురమ్మను. చూసి రాయడానికి ఎక్కడా దొరకని విషయం ఇస్తేనే పిల్లవాడు తన మాట వెతుక్కుంటాడు.

తప్పులు దిద్దాలి, తప్పకుండా దిద్దాలి, కానీ రెండోసారి చదివేటప్పుడు. మొదటిసారి కలం మూసిపెట్టి చదువు, చదివాక ఆ పిల్లవాడిని రాసిన సంగతి గురించే ఒక ప్రశ్న అడుగు. నలభై కాగితాలు ఇలా చదవడానికి ఓపిక ఎక్కడిదంటావేమో. వారానికి పది చదువు, చాలు. వేళకు అన్నం తిను, రాత్రి పొద్దుపోయేదాకా ఆ ఫోను చూస్తూ కళ్లు పాడుచేసుకోకు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు పిల్లలు రాసినవి కొన్ని సంచిలో వేసుకుని రా. కొత్త కళ్లజోడు వేయించుకున్నాను, చదవగలను.

మీ పెదనాన్న