అమలాపురం శివారు కొబ్బరితోటలో అపార్ట్‌మెంటుకి ప్లాన్ అప్రూవల్: ముందు బోదె సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ కదండీ: అమలాపురం శివారులో నాన్నగారికీ బాబాయికీ ఉమ్మడిగా ఎకరం కొబ్బరితోట ఉంది, స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద ఐదు అంతస్తులు, రెండు బ్లాకులు, 60 ఫ్లాట్లు వస్తాయని బిల్డరు అంటున్నాడు, అనుమతుల పని ఎక్కడ మొదలుపెట్టాలి అని. నేను లాయర్నీ కాదు, ఇంజనీర్నీ కాదు. పశ్చిమ డెల్టాలో మా ముగ్గురు అన్నదమ్ముల స్థలంలో 40 ఫ్లాట్లు కట్టించేటప్పుడు ఫైలు వెంట పద్నాలుగు నెలలు తిరిగినవాణ్ణి, అంతే. అందులో ఏడు నెలలు ఒక్క బోదె, అంటే చేల గట్టున ఉండే చిన్న నీటి కాలువ, మింగేసింది. అందుకని దాంతోనే మొదలుపెడతాను.

మా చేనుకి పడమటి హద్దులో పంట బోదె ఉండేదట. ఉండేదట అని ఎందుకంటున్నానంటే, నాకు ఊహ తెలిసేసరికే అది పూడిపోయి దాని మీద అరటి పిలకలు లేచాయి, ఆ తర్వాత ఎవరో కంచె కూడా జరిపేశారు. ఎవరో ఏమిటి, మా తాతే అయ్యుంటాడు. బిల్డరు తీసుకొచ్చిన ఎల్టీపీ, అంటే మన తరఫున ఆన్‌లైన్‌లో ప్లాను ఎక్కించే లైసెన్సు ఇంజనీరు, కంచె నుంచి కంచెకి టేపు పెట్టి కొలిచి ప్లాను గీసేశాడు. మూడు వారాలకి షార్ట్‌ఫాల్, అంటే ఫైల్లో లోటు ఉందనే నోటీసు, వచ్చింది: ఎఫ్ఎంబీలో (పాత సర్వే కొలతల పటంలో) బోదె కనబడుతోంది, ఇరిగేషన్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) జత చేయండి అని. జాయింట్ సర్వే చేయిస్తే బోదె మా కంచెకి ఆరడుగులు లోపల తేలింది. ఆ పోరంబోకు వదలాలి, దాని అంచు నుంచి కట్టడం లేకుండా ఇంకో 2 మీటర్లు వదలాలి. బ్లాకు మొత్తం తూర్పుకి జరిగింది, ఫ్లోరుకి ఒక ఫ్లాటు పోయింది, అప్పటికే నోటిమాటగా పంచేసుకున్న ఫ్లాట్ల లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఫైలు నడుస్తోంది కదా అని ఈలోపు మెరక తోలించేశాం, నాలుగడుగులు. మా వెనక పదకొండు ఎకరాల వరిచేలు ఉన్నాయి, వాటి మురుగు నీళ్లు మా తోటలో నుంచే జారి డ్రెయిన్‌లోకి దిగేవని మాకెవరికీ తట్టలేదు. ఆగస్టు వానలకి ఊడ్చిన పదిరోజుల చేలు మునిగిపోయాయి. రైతులు వచ్చి గొడవపడ్డారు, అర్జీ పెట్టారు, పెట్టరా మరి, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ పెట్టేవాణ్ణి. చివరికి ఆ బోదెని మా ఖర్చుతో మళ్లీ తవ్వించి, హద్దు పొడవునా కాంక్రీటు గోడలు కట్టించి, రోడ్డు కింద తూము వేయిస్తే అప్పుడు రైతులూ శాంతించారు, ఎన్ఓసీ కూడా వచ్చింది. దీని మధ్యలో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, మా కాగితాల్లో కొన్ని ఏలూరులో, కొన్ని భీమవరంలో. అది ఎవరి తప్పూ కాదులెండి, మా టైము అలా ఉంది.

కాబట్టి మీరు ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లకముందే పాత దస్తావేజులు తీసి చెక్కుబందీలు, అంటే నాలుగు దిక్కుల హద్దులు, చదవండి. నాన్నగారి పేరున ఉన్న దస్తావేజు ఒక్కటే చాలదు, తాతగారు కొన్నప్పటిది కూడా చూడాలి. ఏదో ఒక దిక్కున పంట బోదె అనో, పుంత (బండ్ల బాట) అనో, మురుగు కాలువ అనో ఉందంటే, నేల మీద అది కనబడకపోయినా రికార్డులో బతికే ఉంటుంది. ఎఫ్ఎంబీ తీయించండి, రీసర్వే అయిపోయి ఉంటే ఎల్పీఎం (రీసర్వేలో వచ్చిన కొత్త పటం) కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. కాలువగట్టు రోడ్డు పక్కన స్థలం అంటే మనవాళ్లకి మోజు కదా, అక్కడ కొన్నవాళ్లకి తర్వాత తెలిసేది ఇదే. మీ తోట ఏటిగట్టుకి లోపలివైపు లంక భూమి అయితే మాత్రం ఇక చదవక్కర్లేదు, 2022 జులై వరద చూశారు కదా. అల్లవరం, ఉప్పలగుప్తం వైపు సముద్రానికి దగ్గరైనా, పక్కనున్న పాయలో ఆటుపోట్లకి ఉప్పునీరు ఎక్కుతున్నా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ జోన్) గీత ఎక్కడుందో ముందు చూడండి. సముద్రం వైపైతే పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు వర్తిస్తాయి.

రెండోది, నాలా కట్టేశాం కాబట్టి అంతా క్లియర్ అని బిల్డరు చెబితే నమ్మకండి. నాలా అంటే సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్చడానికి కట్టే రుసుము, అది రెవెన్యూ వ్యవహారంగా ఉండేది, మేం చేసినప్పుడు 2006 నాటి నాలా చట్టం ఉండేది, 2025లో దాన్ని రద్దు చేశారు. మాస్టర్ ప్లాన్‌లో మీ తోట ఏ జోన్‌లో ఉంది అన్నది పూర్తిగా వేరే సంగతి. అక్కడ వ్యవసాయ జోన్ అని ఉంటే ల్యాండ్ యూజ్ మార్పు కావాలి, అది ప్రభుత్వం దాకా వెళ్లి రావాలి, నెలలు పడుతుంది. ఒక్క అప్లికేషన్ పెట్టి ముందు జోన్ ఏమిటో తెలుసుకోండి. స్థలం పంచాయతీలో ఉన్నా ఇంత పెద్ద కట్టడం పంచాయతీ ఆఫీసులో తేలేది కాదు, టౌన్ ప్లానింగ్ వాళ్ల ఆమోదం ఉండాల్సిందే.

మిగతా అనుమతులంటారా, మీ సైజుకి అంత టెన్షన్ అక్కర్లేదు. మేం కట్టినప్పుడు 18 మీటర్ల ఎత్తుకి వెళితే హైరైజ్ (ఎత్తయిన భవనం) లెక్క, ఫైర్ ఎన్ఓసీ కావాల్సి ఉండేది, కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాల్సి వచ్చేది. మన వైపు ఎక్కడ చూసినా స్టిల్ట్ ప్లస్ ఐదు దగ్గర ఆగిపోతున్నారంటే కారణం అదే అని నా అనుమానం. వాణిజ్య భవనాలకైతే ఫైర్ విషయంలో ఆ హద్దు 15 మీటర్లే ఉండేది, కాబట్టి కింద షాపులు పెట్టే ఆలోచన ఉంటే ఎల్టీపీకి ముందే చెప్పండి. పర్యావరణ అనుమతి 20,000 చదరపు మీటర్ల నిర్మాణం, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగుల నుంచి మొదలవుతుంది, మీ 60 ఫ్లాట్లు స్టిల్ట్‌తో కలిపినా అంత దాకా రావు. రెరా (ఇళ్ల ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) దగ్గర నమోదు మాత్రం తప్పదు: 500 చదరపు మీటర్లు దాటిన స్థలం, మన లెక్కలో 12 సెంట్ల పైచిలుకు, లేదా 8 ఫ్లాట్లు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి. అది రాకుండా బిల్డరు అడ్వాన్సులు తీసుకుంటుంటే మీరు ఆపండి, స్థలం మీది కాబట్టి మీ పేరు కూడా అందులో ఉంటుంది.

సాయిల్ టెస్టు ఒకటి. మా బిల్డరు మే నెలలో చేయించాడు, కాలువలు కట్టేసి ఉన్నాయి, ఎనిమిది అడుగుల్లో కూడా నీళ్లు పడలేదు. కాలువలు వదిలాక సెప్టెంబరులో చూస్తే మూడడుగుల్లోనే ఊట. పునాది డిజైను మళ్లీ చేయించాం, పైల్స్ వేశాం. మీరు వర్షాకాలంలో, పక్క కాలువ నిండుగా పారుతున్నప్పుడు బోరు వేయించి రిపోర్టు తీసుకోండి. సెల్లార్ మాట ఎవరైనా ఎత్తితే ఒప్పుకోకండి.

ఇక ఇంట్లో గొడవ పెట్టే అంశం మార్ట్‌గేజ్. అనుమతి ఇచ్చేముందు కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతం తనఖాగా రాయించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాను ప్రకారం పూర్తయింది, ఉండవచ్చు అనే పత్రం) వచ్చాకే వదులుతారు. అప్పటిదాకా ఆ ఫ్లాట్లు అమ్ముకోలేం, వాటి మీద లోన్లు రావు. మావి నాలుగు ఫ్లాట్లు తనఖాకి వెళ్లాయి, నాలుగూ ఓనర్ల వాటాలోవే, అందులో రెండు మా చిన్నోడివి. వాడికి అమ్మాయి పెళ్లి ఖర్చుంది, ఆ సంక్రాంతికి మా ఇంటి గడప తొక్కలేదు. తప్పు నాదే, సంతకం పెట్టేముందు నేను చూసుకోవాల్సింది. తనఖా పెట్టే ఫ్లాట్లు బిల్డరు వాటాలోంచే ఇవ్వాలి అని మీ డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి. బిల్డరు సణుగుతాడు, కానీ సగానికి సగమైనా ఒప్పుకుంటాడు.

ఎంతకాలం అంటే, కాగితాలు శుభ్రంగా ఉంటే మాకు పట్టినంత పట్టదు, మా పక్కవీధిలో ఒకాయనకి నాలుగు నెలల్లో వచ్చింది, ఆయన స్థలానికి నాలుగు దిక్కులా రోడ్డూ ఇళ్లే. మీ దస్తావేజులో చెక్కుబందీలు నాలుగు వైపులా ఏమని ఉన్నాయో ఇక్కడ పెట్టండి, సర్వే నంబర్లు, పేర్లు వద్దు. చూసి నాకు తెలిసింది చెబుతాను.