దుకాణం గడప మీద 1351 అంటే క్రీస్తుశకం కాదండీ

బాదేపల్లి పాత బజార్లో మీ తాత కొన్న దుకాణం గడప పైన 1351 అని చెక్కి ఉంది, నిజంగా అంత పాతదా అని అడిగారు. అంత పాతదైతే కాకతీయ రాజ్యం పోయిన 28 ఏండ్లకే కట్టినట్టు, ఈపాటికి పురావస్తు శాఖ బోర్డు పెట్టేది!

నిజాం కాలంలో సర్కారు కాగితాలు ఎక్కువగా ఫస్లీ లెక్కన, అంటే శిస్తు వసూలుకు వాడిన సంవత్సరాల లెక్కన నడిచేవి. 1351కి 590 కలపండి, 1941 చివర లేదా 1942 అవుతుంది. ఒకవేళ హిజ్రీ (ముస్లింల చాంద్రమాన సంవత్సరం) అయితే 1932-33. అంకె పక్కన ఉర్దూలో ‘ఫే’ ఉంటే ఫస్లీ, ‘హే’ ఉంటే హిజ్రీ. అక్షరం చెరిగిపోతే అమ్మకం కాగితంలో నెల పేరు చూడండి: ఆజుర్, దై, బహమన్ లాంటివి ఫస్లీ నెలలు, మొహర్రం, రంజాన్ అయితే హిజ్రీ. నారాయణపేటలో మా అమ్మమ్మ వాళ్ల అడ్తి దుకాణం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టేది) వయసు మేం ఇట్లనే తేల్చాం. మా అమ్మకం కాగితంలో ధర ‘సిక్కా ఉస్మానియా’ రూపాయల్లో రాసి ఉంది, అంటే హాలీ సిక్కా, నిజాం సొంత రూపాయి, అవి ఏడు ఇస్తే ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలు వచ్చేవి, కాబట్టి అట్లాంటి అంకె చూసి అన్నీ కల్దార్ రూపాయలే అనుకోకండి.

కట్టడం కూడా చాలా చెప్తుంది. మా దాంట్లో ముందు అరుగు ఎద్దుల బండి ఎత్తుకు ఉంటుంది, హమాలీలు బస్తా దించకుండానే లోపలికి లాగేవాళ్లట, వెనక పొడుగ్గా గోదాం, గోడలు డంగు సున్నం. బుడ్డలు, కందులు వచ్చేవి. దడవాయి (సరుకు తూచేవాడు) కాంటా కొక్కెం దూలానికి ఇప్పటికీ వేలాడుతోంది, దాన్ని మా మామయ్య ఎవరినీ తీయనివ్వడు. 1966 మార్కెట్ల చట్టం తర్వాత కొనుగోళ్లు మెల్లగా మార్కెట్ యార్డుకు పోయాయి, బజార్లోని అడ్తి దుకాణాలు ఒక్కొక్కటే బట్టల షాపులూ కిరాణాలూ అయ్యాయి, మాది కూడా అంతే. మీ దాంట్లో అట్లాంటి అరుగు, కొక్కెం ఉంటే అది మొదట్లో చిల్లర దుకాణం అయ్యుండదు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి, కొంచెం ఓపిక కావాలి. ఉర్దూ కాగితం ఉంటే మాత్రం మామూలుగా ఉర్దూ వచ్చినవాళ్లకు కాకుండా షికస్తా రాత (అక్షరాలు కలిపేసి వేగంగా రాసేది) చదవగలిగే ముసలి వకీలుకో మున్షీకో చూపించండి, ముందు ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకోండి, మడతల దగ్గర చిరిగిపోతుంది.