60 వేలు జేబులో ఉంచండి, అబ్బాయిని గ్రౌండుకు వెళ్లనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, వయసు 17. ఊరి బయట ఖాళీ స్థలంలో కొందరు కలిసి నడుపుకునే డ్రోన్ క్లబ్బుకు ప్రతి ఆదివారం వెళ్తున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, డ్రోన్ పైలట్ అవుతానంటాడు. 60 వేలు కడితే సర్టిఫికెట్, ఉద్యోగం రెండూ గ్యారంటీ అని ఒక సంస్థ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. మొన్న ఒక పెళ్లిలో ఫొటోగ్రాఫర్ డ్రోన్ ఎగరేసి వెయ్యి రూపాయలు కూడా తెచ్చాడు. రాత్రిళ్లు మంచం కింద బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకుంటాడు. క్లబ్బు మాన్పించాలా, కోర్సులో చేర్పించాలా?
ఒక తండ్రి, తెనాలి

జవాబు: రెండూ వద్దండీ. 60 వేలు ఇప్పుడు కట్టకండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలంటే పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి ఉండాలి. మీవాడికి ఇంకా 17. ఈ సంగతి చెప్పకుండా డబ్బు అడుగుతున్నారంటే వాళ్లకు నియమాలు తెలియకపోవాలి, లేదా మీకు తెలియకూడదనుకోవాలి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్న మాట వినపడిన చోటి నుంచి చెప్పులు తొడుక్కుని వచ్చేయడం మంచిదని నేను ఏ కోర్సు గురించైనా చెబుతాను.

ఇక ఆ వెయ్యి రూపాయలు. మీరు మురిసిపోతున్నట్టున్నారు, కానీ నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపు డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. పెళ్లి షూటింగ్‌కు వాడేవి చాలావరకు ఈ బరువులోనే ఉంటాయి. నియమం తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా వేయవచ్చు. దాన్ని పక్కన పెట్టినా, పందిట్లో మూడొందల మంది భోజనాలు చేస్తుంటే వాళ్ల నెత్తిమీద ఎగరేయడం ఏమిటి? ఒక్క రెక్క ఊడితే నాలుగు రెక్కల డ్రోన్ అదుపు తప్పి రాయిలా పడుతుంది. 18 నిండి, సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా పెళ్లిళ్లు బంద్ అని ఖరాఖండిగా చెప్పండి. ఆ ఫొటోగ్రాఫర్‌కు కూడా మీరే ఫోన్ చేసి చెప్పండి.

క్లబ్బు మాత్రం మాన్పించకండి. వారం రోజుల కోర్సులో రాని ఒక సంగతి అక్కడ వస్తుంది, చేతికి అలవాటు. నా అనుభవం చెబుతాను. ఒకసారి ఇలాంటి గ్రౌండుకే వెళ్తే నా చేతికీ రిమోట్ ఇచ్చారు. డ్రోన్ నాకు వీపు పెట్టి ఉన్నంతసేపు బాగానే నడిచింది. దాని ముఖం నావైపు తిప్పగానే కుడి ఎడమలు తారుమారయ్యాయి. నేను కుడికి నొక్కితే అది నా ఎడమకు పోతోంది. కంగారులో ఇంకా గట్టిగా నొక్కాను. రెండో రిమోట్ పక్కన నిలబడ్డ కుర్రాడి చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా కారు అద్దం పోయేది. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో, నవ్వకుండా ‘మళ్లీ చేయండి సార్’ అన్నాడు.

జీపీఎస్ ఉంటే ఎవరైనా ఎగరేస్తారు. చేతులు వదిలేసినా డ్రోన్ ఉన్నచోటే నిలబడుతుంది. జీపీఎస్ పోయినప్పుడు గాలికి కొట్టుకుపోతున్నదాన్ని పట్టి నిలబెట్టి, మెల్లగా దింపడమే పని. అది గంటల తరబడి చేస్తేనే వస్తుంది.

అయితే క్లబ్బు అనే బోర్డున్న ప్రతిదీ క్లబ్బు కాదు. ఈ ఆదివారం మీరే వెళ్లి ఓ గంట కూర్చుని చూడండి. కొత్తవాళ్లను ముందు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద కూర్చోబెడుతున్నారా? ఎగరేసే ముందు రెక్కల అంచుల మీద గోరుతో రాసి పగుళ్లు చూస్తున్నారా? షెడ్డులో మోటార్లు పరీక్షించేటప్పుడు రెక్కలు ఊడదీస్తున్నారా? సిగ్నల్ పోతే తిరిగి వచ్చే ఎత్తును చుట్టూ ఉన్న తాటిచెట్ల కన్నా పైన పెడుతున్నారా? తక్కువ పెడితే డ్రోన్ బుద్ధిగా తిన్నగా వెనక్కి వచ్చి చెట్టుకే కొట్టుకుంటుంది. డ్రోన్లకు యూఐఎన్ నంబర్లు, అంటే ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేస్తే ప్రతి డ్రోన్‌కూ ఇచ్చే గుర్తింపు నంబర్లు, ఉన్నాయా అని అడగండి. డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చెప్పే ప్రభుత్వ మ్యాప్‌లో మీ ప్రాంతం ఏ జోన్లో ఉందో చూపించమనండి. గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా పర్మిషన్ లేకుండా ఎగరేయవచ్చు. గన్నవరం లాంటి ఎయిర్‌పోర్టు గోడకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. వీటన్నిటికన్నా, గాలి ఎక్కువగా ఉందని ఆ పూట ఎగరేయకుండా టీ తాగి ఇళ్లకు వెళ్లిపోయే క్లబ్బు అయితే అది మంచి క్లబ్బు.

ఇంజినీరింగ్ వద్దన్న మాట దగ్గర మాత్రం నేను మీవాడి వైపు కాదు. డ్రోన్ ఎగరేయడం డ్రైవింగ్ లాంటిది. వస్తే మంచిదే, కానీ అదొక్కటే పట్టుకుని జీతం అడిగితే కష్టం. సర్వేలో చూడండి. డ్రోన్ ముందే గీసిన దారిలో తనంతట తనే తిరిగి ఫొటోలు తీస్తుంది. ఆ వందల ఫొటోలను కలిపి కొలతలున్న మ్యాపుగా మార్చగలిగినవాడికే డబ్బు. మందు చల్లే డ్రోనూ అంతే. మీ చుట్టూ వరి, మినుము, పసుపు. ఏ మందు ఎంత కలపాలి, గాలి ఎటు వీస్తే పక్క చేలో పడుతుంది అన్నది తెలియని పైలట్‌ను రైతు రెండోసారి పిలవడు. ఈఏపీసెట్ రాసి ఈసీఈలోనో సివిల్‌లోనో చేరి, డ్రోన్‌ను పక్కనే పెట్టుకోమనండి. వ్యవసాయం మీద మనసుంటే అటు వెళ్లినా సరే. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే తప్పకుండా చేరమనండి, అక్కడ ఏరోమోడలింగ్, అంటే చిన్న విమాన నమూనాలు చేసి ఎగరేయడం, నేర్పుతారు.

18 నిండాక కోర్సు గురించి ఆలోచించవచ్చు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థ అయి తీరాలి, ఆ జాబితా చూసుకున్నాకే డబ్బు. మీకు దగ్గర్లోనే, గుంటూరు లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తున్నారు, బ్యాచ్‌లు ఎప్పుడో కనుక్కోండి. సర్టిఫికెట్ ఏ బరువు తరగతికి ఇస్తారో కూడా అడగండి. 2 కిలోల లోపు తరగతికి తీసుకుని మందు చల్లే డ్రోన్ పట్టుకుంటానంటే కుదరదు.

పరీక్షల దాకా ఆదివారం రెండు గంటలు, అంతే. దీనికి మీవాడు ఒప్పుకుంటాడనే అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. మంచం కింద చూడండి. డ్రోన్లలో వాడే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను రాత్రంతా చార్జింగ్ పెట్టి, దాని మీదే పడుకోవడం ప్రమాదం. మనిషి మెలకువగా, దగ్గర ఉండి, మంట అంటుకోని చోట పెట్టాలి. ఏదైనా ఉబ్బి దిండులా కనిపిస్తే చార్జింగ్ పెట్టవద్దు, గుచ్చవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. ఇసుక పోసిన బకెట్లో ఉంచి ఆరుబయట, ఎవరూ తిరగని మూల పెట్టండి. దాన్ని ఎలా వదిలించుకోవాలో ఆదివారం క్లబ్బులో అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు తడుముకున్నారంటే, ఆ క్లబ్బు గురించి నేను పైన రాసింది మరోసారి ఆలోచించాలి.