‘తగ్గుతుంది’, ‘తగ్గవచ్చు’, ‘తగ్గే అవకాశం’ – ఏది సరి?

సందేహం: నేను ఆత్మకూరు దగ్గర రైతు సేవా కేంద్రంలో పనిచేస్తున్నాను. వాతావరణ మార్పుల మీద శాస్త్రవేత్తలు కంప్యూటర్ మోడళ్లతో వేసే అంచనాలను తెలుగులో బోర్డు మీద రాయాలి. ‘2050 నాటికి ఎడగారు (ముందస్తు ఖరీఫ్) వరి దిగుబడి తగ్గుతుంది’ అనాలా, ‘తగ్గవచ్చు’ అనాలా? పేపర్లలో ‘తగ్గే అవకాశం ఉంది’ అంటున్నారు. మూడూ ఒకటేనా? అడవుల గురించీ ఇలాగే రాయొచ్చా?

సమాధానం: మూడూ ఒకటి కాదమ్మా. ముందు ‘అవకాశం’ సంగతి తేల్చేద్దాం. మనకు కలిసొచ్చేదాన్నే అవకాశం అంటాం. పంట పోయే అవకాశం, ప్రాణాలు పోయే అవకాశం అని రాయడం వార్తల్లో అలవాటైపోయింది గానీ, వినడానికి బాధగా ఉంటుంది. నష్టానికి ‘ప్రమాదం ఉంది’, ‘ముప్పు ఉంది’ అనండి.

అసలు పేచీ మిగతా రెండింటి దగ్గరే. ‘తగ్గుతుంది’ అంటే రాసినవారు పూచీ పడినట్టు. ‘తగ్గవచ్చు’ అంటే తగ్గకపోనూ వచ్చు. బోర్డు చూసిన రైతు ‘తగ్గుద్దేమోలే, వీళ్లకీ సరిగ్గా తెలిసినట్టు లేదు’ అనుకుని వెళ్లిపోతాడు. మోడల్ చెప్పేది ఈ రెండూ కాదు. అది జోస్యం చెప్పదు, సందేహమూ పడదు. పంట మోడల్ ఎండ, వాన, వేడి, నేల స్వభావం, నాటిన తేదీ తీసుకుని మొక్క ఎదుగుదలను రోజువారీగా లెక్కగడుతుంది. ఇవి ఇలా ఉంటే దిగుబడి ఇంత అంటుంది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదికే చూడండి. ఈ శతాబ్దం చివరి 20 ఏళ్లలో భూమి సగటు వేడి 1850–1900 నాటికంటే ఎంత పెరుగుతుందన్న ఒక్క ప్రశ్నకు, ఉద్గారాలను బట్టి 1.4 డిగ్రీల నుంచి 4.4 డిగ్రీల దాకా ఐదు అంచనాలు ఇచ్చింది.

అందుకని మీరు పట్టించుకోవలసింది వాక్యం చివరి ‘తుంది’, ‘వచ్చు’ కంటే ముందుగా, వాటికి ముందు రావలసిన ‘తే’. వ్యాకరణంలో దీన్ని చేదర్థకం అంటారు. ‘వేడి ఇలాగే పెరుగుతూ పోతే, నాట్ల తేదీ మార్చకపోతే, ఎడగారు వరి దిగుబడి తగ్గుతుంది’ అని రాయండి. షరతు చెప్పాక ‘తుంది’ అనడానికి జంకక్కర్లేదు. ఒక్కో మోడల్ ఒక్కోలా చెబితే మాత్రం ‘వచ్చు’ అనండి, లేదా ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని అంకెలు ఇవ్వండి.

‘నాట్ల తేదీ మార్చకపోతే తగ్గుతుంది’, ‘మార్చినా తగ్గుతుంది’ – ఈ రెండూ పూర్తిగా వేరు. మొదటిదాంట్లో రైతు చేతిలో పని ఉంది. రెండోదాంట్లో ఆ ఉపాయం చాలదని అర్థం. శాస్త్రవేత్తలు ఏది లెక్కవేశారో చూసుకునే ‘తే’ పెట్టాలో ‘నా’ పెట్టాలో తేల్చుకోండి. ఇక, పూత దశలో పగటి వేడి 35 డిగ్రీలు దాటితే వరిలో తాలు గింజలు పెరుగుతాయన్నది భవిష్యత్తు అంచనా కాదు, పైర్ల మీద ప్రయోగాల్లో చూసిన విషయం. అక్కడ ‘వచ్చు’ పెట్టి మెత్తబరచకండి.

అడవుల గురించి రాసేటప్పుడు ఇంకో మాట జారిపోతుంటుంది. వెలికొండల ఎర్రచందనాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి చెట్ల మీద వేసే మోడళ్లు చాలావరకు ఫలానా వేడికి, వానకు ఏ చోట్లు అనువుగా ఉంటాయో మాత్రమే చెబుతాయి. అలాంటి మోడల్ ఆ చోట్లు తగ్గుతాయని చెప్పిందనుకోండి. దాన్ని ‘చెట్లు కనుమరుగవుతాయి’ అని రాస్తే అది మోడల్ అనని మాట అవుతుంది. చోటు అనువు తప్పినా, నిలిచి ఉన్న మాను ఏళ్ల తరబడి బతకొచ్చు. కొత్తగా అనువైన చోటు ఏర్పడినా అక్కడికి విత్తనం చేరాలి, మొలక పశువుల నోటికి, మంటకు చిక్కకుండా ఎదగాలి. కాబట్టి ‘అనువైన చోట్లు తగ్గుతాయి’ అనే రాయండి. బోర్డు మీద జాగా చాలకపోతే ఇంకేదైనా తీసేయండి గానీ, ‘అనువైన’ను ఉంచండి.