ఊరు లేని పిల్లను కోడలుగ ఎట్ల తెచ్చుకునేది అని అడిగిన అమ్మకు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మీది కొల్లాపూర్ దిక్కు, కొడుకు జర్మనీల ఎమ్మెస్ చేసి జాబ్‌ల పడ్డడు, కాబూల్ నుంచి పారిపోయొచ్చిన అఫ్గాన్ పిల్లను చేసుకుంటనంటుండు, ఆ పిల్లేమో డాక్యుమెంటరీలు తీస్తది, ప్లకార్డు పట్టుకొని ధర్నాలు చేస్తది, మతం వేరు, ఊరు లేదు వాడ లేదు, చుట్టాలకు ఏం చెప్పాలె అని రాసిండ్రు.

చుట్టాలు అననే అంటరు, అది నేను ఆపలేను. మీవాడు ఆర్నెల్లు దాచింది మాత్రం నాకు నచ్చలే.

కానీ ఉత్తరంల నన్ను పట్టుకున్నది వేరే ముక్క. వీడియో కాల్‌ల ఆ పిల్ల మీ ఎనక ఉన్న పాత దర్వాజ చూసి ఇది ఎక్కడిదని అడిగితే ఏడుపొచ్చి కట్ చేసిన్నన్నరు. 1981ల శ్రీశైలం నీళ్లొచ్చి ఊరు మునిగినప్పుడు మీ నాయిన పీకి ఎడ్లబండి మీద ఏసుకొచ్చిన దర్వాజ, అప్పుడు మీకు పదేండ్లు. అంటే ఊరు లేని పిల్ల మీ ఇంట్ల ఇప్పటికే ఒకరున్నరు, తప్పుగ అనుకోకుండ్రి. మీకైతే ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గోడలు తేలుతయ్, పోయి చూసొస్తరు, ఆమె సొంత దేశం పోతే శరణార్థిగ ఇచ్చిన రక్షణే పోవచ్చు. 2021ల మనం జెండా పండుగ చేసుకున్న రోజే తాలిబన్లు కాబూల్‌ల దిగిండ్రు, నవంబర్‌కల్లా ఆడోళ్లు నటించిన సీరియళ్లు టీవీల వేయొద్దన్నరు, ఇగ కెమెరా పట్టిన పిల్ల అక్కడ ఎట్లుంటది? ధర్నాలంటరా, శ్రీశైలంల మునిగినోళ్లకు నౌకరిచ్చే 98 జీవో కోసం మీ తమ్ముడు ఎన్నిసార్లు టెంట్ల కూసున్నడో మీరే రాసిండ్రు.

పెళ్లి ఇక్కడే కావాలని పట్టు పట్టకుండ్రి. ఆమె దగ్గర ఉండేది శరణార్థులకిచ్చే ట్రావెల్ డాక్యుమెంట్, దాని మీద మన వీసా ఎన్నడొస్తదో చెప్పలేం. ఫొటోలు స్టేటస్‌ల అస్సలు పెట్టొద్దు, ఆమె అమ్మానాయినలు ఇంకా కాబూల్‌లనే ఉన్నరన్నరు కదా, ఎవరి కంట్ల పడితే ఏమైతదో. సినిమా పైసలు నెలనెలా రావు, ఇల్లు ఎవరి జీతం మీద నడుస్తదో కొడుకును అడగుండ్రి, అడిగేదాంట్ల సిగ్గేం లేదు.

ఈ ఐతారం మీరే కాల్ చేయుండ్రి. ఈ ఎండాకాలంల ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ సాయంత్రం నాలుగున్నర, మీవాడు మధ్యల ఉండి మీ మాట ఆమెకు చెప్తడు. దర్వాజ కాడనే కూసోండ్రి. రికార్డ్ చేయొద్దనుకుంటే ముందే చెప్పుండ్రి, ఆమెది అదే పని కాబట్టి అడుగుతది.