‘చిన్న జాతి’ పందిని తెచ్చుకునే ముందు

ప్రశ్న: అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ శివారులో రెండెకరాల స్థలంలో ఉంటున్నాం. కోళ్లు, నాలుగు మేకలు, ఒక కుక్క ఉన్నాయి. ఎవరో వదిలేసిన పాట్‌బెల్లీ పందులు రెండు, ఒక ఆడ, ఒక మగ, ఇక్కడి రెస్క్యూ కేంద్రంలో ఉన్నాయి. చిన్న జాతే కదా, తెచ్చుకుందాం అని పిల్లలు పట్టుబడుతున్నారు. పెంచగలమా? కుక్కతో కలిసి ఉంటాయా? – ఒక పాఠకురాలు

జవాబు: పెంచగలరు. రెండూ కలిపి తెచ్చుకోవాలనుకోవడం ఇంకా మంచిది. పంది మందలో బతికే జీవి. ఒంటరిగా ఉంటే విసుగెత్తి కనిపించిందల్లా పెళ్లగిస్తుంది. అయితే ‘చిన్న జాతి’ అనే మాట దగ్గర కాస్త ఆగండి. మాంసానికి పెంచే 300 కిలోల పంది పక్కన ఇవి చిన్నవే కానీ, పాట్‌బెల్లీ పూర్తిగా ఎదిగితే 45 నుంచి 70 కిలోలు తూగుతుంది. నాలుగు నెలలకే ఎదకు వచ్చే జాతి కావడంతో, అమ్మేవాళ్లు ఇంకా ఎదగని తల్లిదండ్రుల్నే చూపించి ‘ఇంతకు మించి పెరగదు’ అని నమ్మిస్తారు. కొన్నవాళ్లు ఏడాది, రెండేళ్లు తిరిగేసరికి భరించలేక వదిలేస్తారు. రెస్క్యూ కేంద్రాలు నిండేది ఇలాగే. అందుకే ముందు వాటి వయసు అడగండి. మూడేళ్ల లోపువైతే ఇంకా పెరుగుతాయి. పదిహేనేళ్ల దాకా బతుకుతాయి కాబట్టి, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక వాటిని చూసుకోవాల్సింది మీరే.

వీటికి ఎక్కువ చేటు చేసేది మనం ప్రేమతో పెట్టే తిండి. మామూలు పందుల దాణా త్వరగా బరువు పెరగడానికి చేసింది, అది వద్దు. మినీ పిగ్ దాణా తెచ్చి, బరువును బట్టి బస్తా మీద రాసిన కొలతను రెండు పూటలుగా పెట్టండి. గడ్డి, ఆకుకూరలు, దోసకాయ, గుమ్మడి పైన పెట్టవచ్చు. తుంటి మీద అరచేయి పెట్టి మెల్లగా నొక్కితే ఎముక తగలాలి. గట్టిగా నొక్కినా తగలకపోతే దాణా తగ్గించండి. కొవ్వు మరీ పెరిగితే ముఖం మీది మడతలు కళ్లను మూసేస్తాయి, పంది గుడ్డిదవుతుంది. అలాంటి పంది గోడలు తడుముకుంటూ నడవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మన ఇళ్లలో మిగిలిన కూరలు, పచ్చళ్లు అస్సలు వద్దు. మాంసం తగిలిన ఎంగిలి మరీ ప్రమాదం. మందూ మాకూ లేని ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వ్యాపించే దారుల్లో అదొకటి. ఆ జబ్బు 2020లో అస్సాంలో, 2021లో డొమినికన్ రిపబ్లిక్‌లో బయటపడింది. అమెరికాలోకి ఇంకా రాలేదు.

పందికి చెమట దాదాపు పట్టదు. టెక్సస్ ఎండల్లో చెట్టు నీడ ఒక్కటే చాలదు, బురద గుంట కూడా ఉండాలి. నీళ్ల తొట్టిని ముట్టెతో బోర్లించి అక్కడే బురద చేసుకుని పడుకోవడం వీటికి మహా ఇష్టం. మీరు ఆఫీసులో ఉంటే సాయంత్రం దాకా చుక్క నీరుండదు. నీళ్లు చాలకపోతే ఒంట్లో ఉప్పు శాతం పెరిగి మెదడు దెబ్బతింటుంది, ఫిట్స్ వస్తాయి. కాబట్టి తొట్టిని నేలలోకి దింపి, సిమెంటుతో బిగించండి. ఎప్పుడైనా చాలాసేపు నీళ్లు లేకుండా ఉండిపోతే ఒక్కసారిగా తాగనివ్వకుండా కొంచెం కొంచెంగా ఇస్తూ డాక్టరుకు ఫోన్ చేయండి.

మగదానికి విత్తులు తీయించారా, ఆడదానికి గర్భసంచి తీయించారా అని కేంద్రంలో కాగితాలు చూసి తెలుసుకోండి. తీయించని ఆడపందులకు వయసు మీద పడ్డాక గర్భసంచిలో గడ్డలు రావడం మామూలే.

ఇక కుక్క సంగతి. ఏళ్ల తరబడి స్నేహంగా ఉన్నట్టే కనిపించినా, కుక్క వేటాడే జంతువు, పంది వేటకు చిక్కే జంతువు. మీరు లేనప్పుడు రెండింటి మధ్య కంచె ఉండి తీరాలి. బయటి కంచె ఇంకా ముఖ్యం. టెక్సస్‌లో అడవి పందులు 20 లక్షలకు పైగా ఉంటాయని అంచనా. వాటిలో బ్రూసెల్లోసిస్, సూడోరేబిస్ అనే అంటురోగాలు ఉంటాయి. సూడోరేబిస్ సోకితే కుక్క కూడా బతకదు. ముట్టెకు ముట్టె తగలకుండా మధ్యలో కొన్ని అడుగుల ఖాళీ వదిలి రెండు వరుసల కంచె వేయించండి. ఖర్చే, కానీ నన్నడిగితే కంచె పూర్తయ్యాకే పందుల్ని తీసుకురండి. తెచ్చాక నెల రోజులు మేకలకు దూరంగా ఉంచండి. గజ్జి గానీ ఉంటే పిల్లల చేతులకూ దురద అంటుకుంటుంది.

అక్కడి చట్టం దృష్టిలో పంది పశువుల కిందికే వస్తుంది. మీ స్థలంలో ఉంచుకోవడానికి నగరం, కౌంటీ, కాలనీ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. కుక్కల్ని చూసే క్లినిక్కులు చాలావరకు పందుల్ని చూడవు కాబట్టి, పందుల్ని చూసే డాక్టరును ఇప్పుడే వెతికి పెట్టుకోండి. గిట్టలు కత్తిరించడం, మగదాని కోరలు, ఏలికపాముల మందు, ఎరిసిపెలాస్ అనే పందుల జబ్బుకు టీకా అన్నీ ఆయనతోనే మాట్లాడండి. ఒక పూట దాణా ముట్టకపోతే చర్మం తడిమి చూడండి. డైమండ్ ఆకారంలో ఎర్రగా ఉబ్బిన మచ్చలుంటే అది ఎరిసిపెలాస్. మొదట్లోనే పెన్సిలిన్ పడితే తగ్గిపోతుంది, తెల్లారేదాకా ఆగకండి.